పాఠకుల ప్రశ్నలు: ఆ వీడియోని నమ్మొచ్చా డాక్టర్ గారూ?

పోయిన నెల ఇక్కడ థైరాయిడ్ గురించి రాశాను కదా, ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగం థైరాయిడ్ గురించి కానే కావు. "ఫలానా సైట్‌లో ఇలా ఉంది, మీరేమో అలా రాశారు, ఎవర్ని నమ్మమంటారు?" అన్నవే. కోపమొచ్చిందా అంటే కొంచెం వచ్చింది. కానీ అడిగినవాళ్ల తప్పేం లేదు, అందుకే ఈసారి జబ్బుల్ని పక్కనపెట్టి ఈ గొడవే తేల్చుకుందాం. ఉత్తరాలు కుదించాను, పేర్లు తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా మామయ్యగారికి 68 ఏళ్లు. పదకొండేళ్ల నుంచి బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. ఈమధ్య ఫోన్‌లో ఒక వీడియో చూసి మాత్రలు ఆపేశారు. బీపీ అసలు జబ్బే కాదట, మందులు అమ్ముకోవడానికి పుట్టించిన మాటట. నాలుగు రోజులైంది, "చూడమ్మా, నాకేమైనా అయిందా? ఒళ్లు ఇంకా తేలిగ్గా ఉంది" అంటున్నారు. వీడియో కింద ఇచ్చిన సైట్‌కి నేనే వెళ్లి గంటసేపు చదివాను. తెల్లకోటు, ఏదో వైద్య సంఘం పేరు, చివర్లో బోలెడన్ని రిఫరెన్సులు, ఒక్క అక్షరం తప్పు లేదు. ఇది అబద్ధమని ఆయనకి చూపించడానికి నాకేమీ దొరకలేదు. ఇలాంటివి ఎలా పట్టుకోవాలి?

జవాబు: ముందు మాత్రల సంగతి చూద్దాం అమ్మా, సైట్ సంగతి తర్వాత. ఈ పత్రిక పక్కన పడేసి ఆయన్ని ఇవాళే డాక్టర్‌కి చూపించండి, లేదా కనీసం ఫోన్ చేయించండి. బీపీ ఎక్కువగా ఉంటే ఒంటికి తెలియాలని ఏమీ లేదు, చాలామందికి ఏమీ తెలియదు, కాబట్టి "నాకేం కాలేదుగా" అన్నది దేనికీ రుజువు కాదు. పైగా కొన్ని రకాల బీపీ మందులు ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ మందు మొదలుపెట్టక ముందుకన్నా పైకి ఎగబాకొచ్చు. ఆయన వేసుకునేది ఆ రకమో కాదో నాకు ఇక్కణ్ణుంచి తెలియదు, చీటీ రాసిన డాక్టర్‌కి తెలుస్తుంది. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పొద్దున, సాయంత్రం చూసి తేదీతో సహా కాగితం మీద రాయండి. ఆయనతో వాదించే పని మీకు తప్పుతుంది, ఆ అంకెలే మాట్లాడతాయి.

ఇక సైట్. మీరు చేసింది అందరూ చేసేదే, నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. ఒక పేజీని నమ్మొచ్చో లేదో తెలుసుకోవడానికి ఆ పేజీనే ఇంకా శ్రద్ధగా చదవడం. చిక్కంతా అక్కడే ఉంది. పేజీలో ఉన్నదంతా దాన్ని తయారుచేసినవాళ్లు పెట్టిందే. తెల్లకోటు వాళ్లదే, రిఫరెన్సులు వాళ్లవే, "మా గురించి" అని రాసుకున్నదీ వాళ్లే. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఎలాంటివాడని అబ్బాయినే అడిగి వస్తామా? వాళ్ల వీధిలో నలుగుర్ని అడుగుతాం.

దీని మీద ఒక మంచి ప్రయోగం జరిగింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే ఇద్దరు పరిశోధకులు పదిమంది చరిత్ర ఆచార్యుల్ని, ఇరవై అయిదుమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని, వార్తల్లో నిజానిజాలు సరిచూడటమే ఉద్యోగంగా ఉన్న పదిమందిని కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లు చూపించారు. అందులో ఒక జత పిల్లల డాక్టర్లవి. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 1930 నుంచి ఉన్నది, అరవై వేలకు పైగా సభ్యులున్నది. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్, మొదటిదానితో ఒక సామాజిక విషయంలో పడక 2002లో కొద్దిమంది విడిగా పెట్టుకున్న చిన్న సంఘం. పేర్లు చూడండి, అన్నదమ్ముల్లా లేవూ? ఈ రెండో సైట్ చూడ్డానికి పొందిగ్గా, రిఫరెన్సులతో ఉంది. విద్యార్థుల్లో ఎక్కువమంది అదే నమ్మదగ్గదన్నారు. ఆచార్యుల్లోనూ చాలామంది తడబడ్డారు, పుస్తకాల్లో మునిగితేలే మనుషులు! నిజానిజాలు చూసే ఉద్యోగులు మాత్రం అందరూ మొదటిదాన్నే పట్టుకున్నారు. వాళ్లేమీ ఎక్కువ చదవలేదు, నిజానికి ఆ పేజీని దాదాపు చదవనే లేదు. పేజీ తెరిచిన కాసేపటికే పక్కన ఇంకో ట్యాబ్ తెరిచి, ఆ సంఘం పేరు కొట్టి, దాని గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు.

మీరూ అదే చేయండి. ఆ వైద్య సంఘం పేరు వెతకండి, సంఘం సొంత పేజీలు వదిలేసి మిగతావి చూడండి. వీడియోలో మాట్లాడినాయన పేరు వెతకండి, ఆయన ఏ వైద్యంలో డాక్టరో, అసలు డాక్టరో కాదో చూడండి (డాక్టర్ అని పేరు ముందు పెట్టుకున్నవాళ్లందరూ రోగుల్ని చూసేవాళ్లు కాదు, ఏ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసినా ఆ మాట పెట్టుకోవచ్చు). పెద్ద ఆసుపత్రిలో పనిచేసే పేరున్న డాక్టర్ అయితే ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ డాక్టర్ మొహాన్నీ గొంతునీ కంప్యూటర్‌తో పుట్టించి ఆయన అననే అనని మాటలు అనిపిస్తున్నారు. ఆ మాట ఆయన సొంత పేజీలోనో ఆయన పనిచేసేచోటో ఉందేమో చూస్తే తేలిపోతుంది. ఆ తర్వాత, ఆ సైట్ చివరికి మిమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్తోందో చూడండి. మందులన్నీ మోసం అని అరగంట చెప్పి ముప్ఫయ్యొకటో నిమిషంలో సొంత పొడి అమ్మేవాళ్లు నాకు బోలెడుమంది తగిలారు.

ఇలాంటి వాటికి చెక్‌లిస్టులు లేవా అంటే ఉన్నాయి. 1997లోనే అమెరికన్ వైద్య సంఘం వాళ్ల పత్రికలో నాలుగు చూడమన్నారు: ఎవరు రాశారు, ఆ మాట ఎక్కణ్ణుంచి తెచ్చారు, డబ్బు ఎవరిది, తేదీ ఏమిటి. మంచి ప్రశ్నలే, ఇప్పటికీ పనికొస్తాయి. ఆరోగ్య సైట్లకి ముద్ర వేసే ఏర్పాటు కూడా ఒకటి ఉండేది, హాన్‌కోడ్ అని, 1996లో మొదలై 2022 చివర మూతపడింది. ఆ ముద్ర ఇంకా ఎక్కడైనా కనిపిస్తే పాత గోడ మీద చెరగని పోస్టర్ అనుకోండి. ఏ ముద్రకైనా ఒకటే చిక్కు. బొమ్మే కదా, ఎవరైనా అతికించుకోవచ్చు.

ఆ రిఫరెన్సుల సంగతి కూడా. అన్నీ అక్కర్లేదు, ఒక్కటి, వాళ్లు అన్నిటికన్నా పెద్ద మాట చెప్పినచోట ఇచ్చినది తీసుకుని పబ్‌మెడ్‌లో వెతకండి. అది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే ఉచిత జాబితా, మూడున్నర కోట్లకు పైగా వైద్య వ్యాసాల వివరాలు అందులో ఉన్నాయి. వ్యాసం అక్కడుంటే సారాంశం చదవండి. "మనుషుల్లో" అని సైట్‌లో ఉన్నది అక్కడికెళ్తే "ఎలుకల్లో" అవుతుంది, "నయమైంది" అన్నది "ఇంకా చూడాల్సి ఉంది" అవుతుంది. అక్కడ కనబడినంత మాత్రాన వ్యాసం మంచిదని కాదు సుమా, అది జాబితా మాత్రమే. కానీ సైట్ మీకు అబద్ధం చెప్పిందో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ప్రశ్న: నేను వాడే మందు వల్ల ఒక సమస్య వచ్చే ప్రమాదం "రెట్టింపు" అని పరిశోధనలో తేలినట్టు మూడు సైట్లలో చదివాను. మూడూ పేరున్నవే. భయమేసి ఆపేశాను. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అని టెన్షన్.

జవాబు: మీరు మందు పేరు రాయలేదు, రాసినా ఇక్కడ "వేసుకోండి, మానండి" అని చెప్పను, మీ డాక్టర్‌ని అడగాల్సిందే. కానీ రెట్టింపు అన్న మాట గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే అది నిజమే అయ్యుండి కూడా మోసం చేయగల మాట.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో మందుల భద్రత చూసే కమిటీ ఒక హెచ్చరిక చేసింది. కొత్త రకం గర్భనిరోధక మాత్రలు వాడితే కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపవుతుందని. అబద్ధం కాదు. పాత రకం మాత్రలు వాడే ఏడు వేల మందిలో ఒకరికి అలా అయ్యేది, కొత్త రకంతో ఏడు వేలలో ఇద్దరికి. రెట్టింపే కదా! టీవీల్లో, పేపర్లలో రెట్టింపు, రెట్టింపు అని మోగిపోయింది, ఏడు వేలలో ఒకరు ఇద్దరయ్యారని చెప్పినవాళ్లు తక్కువ. చాలామంది ఆడవాళ్లు మాత్రలు మానేశారు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అబార్షన్లు సుమారు 13 వేలు పెరిగాయని అంచనా. ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రలతో కన్నా గర్భం వస్తేనే ఎక్కువ. దేనికి భయపడి మానేశారో అదే ఇంకా పెద్దదై ఎదురొచ్చింది.

కాబట్టి "రెట్టింపు", "30 శాతం ఎక్కువ", "సగానికి సగం తగ్గుతుంది" లాంటివి కనిపించినప్పుడల్లా అడగాల్సింది ఒకటే: ఎంతమందిలో ఎంతమందికి? ముందు ఎంత, తర్వాత ఎంత? ఆ అంకె వ్యాసంలో లేకపోతే ఆ వ్యాసం రాసినాయన మీకు తెలియనివ్వడం ఇష్టంలేకనో, ఆయనకీ తెలియకనో వదిలేశాడన్నమాట. రెండూ మంచివి కావు. మందు గొప్పతనం చెప్పే ప్రకటనల్లోనూ ఇదే గారడీ నడుస్తుంది, వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది ఒకరికే వచ్చిందంటే "ప్రమాదం సగం తగ్గింది" అని వేసుకుంటారు.

మూడు సైట్లన్నారు కదా. ఆ మూడూ ఒకే వార్తాసంస్థ నుంచి తీసుకున్నవేమో చూశారా? ఒకే వాక్యం మూడింట్లోనూ ఉంటే అవి ముగ్గురు సాక్షులు కావు, ఒకే సాక్షి మూడు చొక్కాలు మార్చుకొచ్చాడు.

ప్రశ్న: మీరు పరిశోధనలు పరిశోధనలు అంటారు. మా స్నేహితుడికి కళ్లెదుటే తగ్గింది సార్. నెట్‌లో వందలమంది తగ్గిందని వీడియోలు పెట్టారు. వీళ్లంతా అబద్ధాలాడుతున్నారా?

జవాబు: లేదు. చాలామంది నిజమే చెప్తున్నారు. తగ్గింది, అది నిజం. దేనివల్ల తగ్గిందో వాళ్లు చెప్పలేరు, నేనూ చెప్పలేను.

మనిషి మందు ఎప్పుడు వెతుకుతాడు? నొప్పి భరించలేనంత అయినప్పుడు. నడుం నొప్పి, అలర్జీ, మైగ్రేన్ లాంటివి పెరుగుతూ తగ్గుతూ ఉండేవి, బాగా పెరిగిన రోజున ఏం చేసినా ఆ తర్వాత రోజులు కొంచెం నయంగానే ఉంటాయి. ఆ రోజు ఎవరో చెప్పిన పొడి మింగితే పేరు పొడికి వస్తుంది, గోడకి తల ఆనించి కూర్చుంటే గోడకి వచ్చేది. ఇంకోటి, అదే సమయంలో ఆయన డాక్టర్ రాసిన మందూ వాడుతూ ఉంటాడు, అది వీడియోలో చెప్పడు. మూడోది, తగ్గనివాళ్లు వీడియో పెట్టరు. పెట్టినా ఎవరూ చూడరు. వెయ్యిమంది వాడి వందమందికి తగ్గితే మీకు కనిపించేది ఆ వందమందే, మిగతా తొమ్మిది వందలమంది ఇంట్లో కూర్చుని తమ ఖర్మ అనుకుంటూ ఉంటారు. జబ్బు పెద్దదైతే వాళ్లలో కొందరు చెప్పడానికి మిగలరు కూడా.

అందుకే పోల్చి చూడటం. ఒకే రకం మనుషుల్ని తీసుకుని, చీటీలేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒకళ్లకి మందు, ఇంకోళ్లకి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర. ఇంత అవసరమా అని మీకనిపించొచ్చు, బీటా కెరోటిన్ కథ వింటే ఎందుకో తెలుస్తుంది. ఆ పదార్థం ఎక్కువగా ఉండే కూరగాయలు, పండ్లు తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. సహజమైనది, విటమిన్ లాంటిది, మాత్రగా ఇస్తే ఇంకా మంచిదే కదా అనుకున్నారు, అనుకున్నది మీలాంటివాళ్లు నాలాంటివాళ్లు కాదు, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు. ఫిన్‌లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ తగ్గలేదు సరికదా 18 శాతం ఎక్కువగా వచ్చింది. (రెట్టింపు కథ చదివినవాళ్లు ఈ 18 శాతం దగ్గర "ఎంతమందిలో?" అని నన్ను పట్టుకుంటే సంతోషిస్తాను. అయిదు నుంచి ఎనిమిదేళ్లు చూస్తే మొత్తం మీద వెయ్యిమందిలో ముప్ఫైమందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది, ఆ ముప్ఫై చుట్టూ అటూ ఇటూ తేడా అది.) అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరీక్షని 1996లో మధ్యలోనే ఆపేశారు, అక్కడా అదే కనిపించి. ఆ 29 వేలమందిలో ఎవరినైనా విడిగా అడిగుంటే "నాకు బాగానే ఉందండీ, విటమినే కదా" అనేవాళ్లు. ఒక్కొక్కరి అనుభవంలో అది కనిపించేది కాదు, వేలమందిని పక్కపక్కన పెట్టి చూస్తేనే బయటపడింది.

ఇలా పోల్చి చూసిన పరీక్షలన్నీ ఒకచోట చేర్చి తూచి చెప్పే సంస్థ కాక్రేన్, 1993 నుంచి ఉంది. వాళ్ల ప్రతి సమీక్షకీ మామూలు మాటల్లో రాసిన సారాంశం ఉంటుంది, ఇంగ్లీషు చదవగలిగితే అక్కడ మొదలుపెట్టండి. చాలాచోట్ల "సరిపడా ఆధారాలు లేవు" అని చప్పగా ఉంటుంది. ఆ చప్పదనం చూసి విసుక్కోకండి, నిజాయితీగా రాసినవి తరచుగా అలాగే ఉంటాయి.

ప్రశ్న: నేను ఫార్మసీ విద్యార్థిని. ఇప్పుడు ఏ డౌటొచ్చినా ఏఐ చాట్‌బాట్‌నే అడుగుతున్నాను. రిఫరెన్సులతో సహా ఇస్తుంది, గూగుల్ కన్నా నయం కదా?

జవాబు: చాలాసార్లు నయమే. కఠినంగా రాసిన రిపోర్టుని మామూలు మాటల్లో విడమరచమంటే బాగా చెప్తుంది, డాక్టర్‌ని ఏమేం అడగాలో జాబితా రాయమంటే ఇంకా బాగా రాస్తుంది. నేనూ వాడతాను. కానీ బాబూ, నువ్వు ఫార్మసీ చదువుతున్నావు కాబట్టి రెండు మాటలు గట్టిగా చెప్పాలి.

రిఫరెన్సు ఇచ్చింది కదా అని ఊరుకోవద్దు. నిజమైన పత్రిక పేరు, నిజమైన పరిశోధకుల పేర్లు, ఎక్కడా లేని వ్యాసం, ఈ మూడూ కలిపి వడ్డించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. శీర్షికని పబ్‌మెడ్‌లో పెట్టి చూడు. దొరికితే సారాంశం చదివి అది చెప్పినట్టే ఉందో లేదో చూడు, వ్యాసం నిజమై అందులో మాట వేరైన సందర్భాలూ ఉంటాయి. మోతాదు అంకె మాత్రం ఎన్నడూ దాని నోటి నుంచి తీసుకోవద్దు, మందుతో వచ్చే కాగితంలోనో మీ పాఠ్యపుస్తకంలోనో చూసుకోవాలి.

రెండోది, నువ్వు ఎలా అడిగితే అలా చెప్తుంది. "ఫలానా మందు వల్ల జుట్టు రాలుతుందా?" అంటే ఒకలా, "ఫలానా మందు వల్ల జుట్టు ఎందుకు రాలుతోంది?" అంటే ఇంకోలా. రెండో ప్రశ్నలో జవాబు నువ్వే పెట్టేశావు. 2025లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. 60 ఏళ్లాయన, ఒంట్లోకి క్లోరైడ్ (మామూలు ఉప్పులో ఉండేదే) వెళ్లకూడదని తనంతట తనే నిర్ణయించుకుని, మామూలు ఉప్పుకి బదులు ఏం వాడొచ్చని చాట్‌బాట్‌ని సంప్రదించి, సోడియం బ్రోమైడ్ అనే రసాయనం తెప్పించుకుని మూడు నెలలు వాడాడు. చివరికి పక్కింటాయన తనకి విషం పెడుతున్నాడన్న అనుమానంతో ఆసుపత్రికి వచ్చాడు, ఆ తర్వాత భ్రమలు కూడా మొదలయ్యాయి, బ్రోమైడ్ విషప్రభావం. క్లోరైడ్‌కి బదులు బ్రోమైడ్ అనేది కొన్ని రసాయన పనుల్లో సరైన జవాబే. కంచంలోకి కాదు. ఎందుకు అడుగుతున్నావని ఎదురు ప్రశ్న వేయడం ఏ మందుల షాపు కుర్రాడైనా చేసే పని, రేపు నువ్వూ చేయాల్సిన పని.

ప్రశ్న: డాక్టర్లే ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి అంటారు. మరి నెట్‌ని తప్పుపట్టడం ఏం న్యాయం?

జవాబు: మంచి చురకే. మెనోపాజ్ (ముట్లు ఆగిపోవడం) తర్వాత హార్మోన్ మాత్రలు గుండెని కాపాడతాయని డాక్టర్లు చాలా ఏళ్లు నమ్మారు, రాశారు. అమెరికాలో 16 వేలమందికి పైగా ఆడవాళ్ల మీద పోల్చి చూస్తున్న పరీక్షని 2002లో ముందే ఆపేయాల్సి వచ్చింది, గుండెకి మేలు కనిపించకపోగా రొమ్ము క్యాన్సర్, పక్షవాతం కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఆ తర్వాత ఇంకా లోతుగా చూస్తే వయసుని బట్టి, మెనోపాజ్ వచ్చి ఎన్నేళ్లయిందన్నదాన్ని బట్టి లాభనష్టాలు మారతాయని తేలింది. అంటే మాట రెండుసార్లు మారింది. కానీ ఎందుకు మారిందో, ఏ అంకె చూసి మారిందో అందరికీ కనిపించేలా ఉంది. లాన్సెట్ అనే బ్రిటన్ వైద్య పత్రిక 1998లో వేసిన వ్యాసం ఒకటుంది, పన్నెండుమంది పిల్లల్ని చూపించి ఎంఎంఆర్ టీకాకి (పిల్లలకి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది), ఆటిజంకి లంకె ఉందేమోనన్న భయం పుట్టించినది, దాన్ని 2010లో ఆ పత్రికే రద్దు చేసింది. పన్నెండేళ్లు పట్టడం సిగ్గుచేటే, నేను వెనకేసుకు రాను. కానీ ఆ వ్యాసం మీద ఇప్పుడు "రద్దు" అన్న ముద్ర కనిపిస్తుంది. మీరు నమ్మే వీడియోల చానల్‌లో "పోయినేడు చెప్పింది తప్పు, క్షమించండి" అన్నది ఎప్పుడైనా చూశారా? చూస్తే ఆ చానల్ పేరు నాకూ పంపండి, నేనూ చూస్తాను.

ప్రశ్న: రాత్రిపూట ఏదో చిన్న నొప్పి గురించి వెతకడం మొదలుపెడతాను, తెల్లారేసరికి క్యాన్సర్ దగ్గర తేలతాను. నవ్వకండి.

జవాబు: నవ్వట్లేదు, మెడికల్ కాలేజీలో మొదటి రెండేళ్లు మేమందరం చదివిన ప్రతి జబ్బూ మాకే ఉందనుకున్నాం. వెతికే యంత్రానికి మీ వయసు తెలియదు, నొప్పి ఎన్నాళ్లనుంచో తెలియదు, తలనొప్పి అంటే తలనొప్పి వచ్చే కారణాలన్నీ ముందు పోస్తుంది, వందలో తొంభైకి పైగా కనిపించే మామూలువీ, ఎప్పుడో ఒకరికి వచ్చే భయంకరమైనదీ పక్కపక్కనే. అరుదైనదాని గురించి రాసిన పేజీలే ఎక్కువ కాబట్టి అదే పైకి తేలుతుంది. ఫోన్ పెట్టేసి కాగితం మీద మూడు ముక్కలు రాయండి, ఎప్పుడు మొదలైంది, పెరుగుతోందా తగ్గుతోందా, దేంతో ఎక్కువవుతోంది. పొద్దున డాక్టర్‌కి ఆ కాగితం చాలు. ఇంకో సంగతి, ఛాతీలో బరువుగా నొప్పి, ఊపిరి అందకపోవడం, ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఇవి వెతకాల్సినవి కావు. వెంటనే అంబులెన్స్ పిలవాల్సినవి.

ప్రశ్న: నెట్‌లో చదివిన మాట ఎత్తితే మా డాక్టర్‌గారికి కోపం. అడగడం మానేశాను.

జవాబు: మానొద్దు. "నెట్‌లో ఇలా ఉందండీ, మీరు ఇచ్చింది తప్పేమో" అంటే ఎవరికైనా మండుతుంది, మేమూ మనుషులమే. "ఇలా చదివాను, ఇది నా విషయంలో వర్తిస్తుందా?" అని అడిగి చూడండి. పేజీని పట్టుకెళ్లండి, ముప్ఫై పేజీలు కాదు, ఒక్కటి. మీ అంతట మీరు వాడుతున్న పొడులు, సప్లిమెంట్లు ఏమున్నా దాచకండి, అవి మందులతో గొడవపడొచ్చు. అప్పటికీ కసురుకుంటే డాక్టర్‌ని మార్చుకోవడం నేరమేమీ కాదు.

ప్రశ్న: అయ్యా, నాకు 72 ఏళ్లు. పదిమందికి మంచి జరగాలనే మా కుటుంబం గ్రూపులో ఆరోగ్య విషయాలు పంపుతుంటాను. పిల్లలు అన్నీ తప్పంటారు. మొన్న మనవరాలు చెప్పింది, అందరూ ఆ గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకున్నారట. చాలా బాధేసింది.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఉద్దేశాన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకో చెప్తాను. 2020లో కోవిడ్ మొదటి రోజుల్లో ఒక మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందన్న వ్యాసం ఒకటి నాకొస్తే, శీర్షిక చూసి సంబరపడి నలభైమంది డాక్టర్లున్న మా గ్రూపులో పడేశాను. అది ఇంకా ఎవరూ పరిశీలించని ముసాయిదా, ఆ మాట పేజీ పైభాగంలోనే రాసి ఉంది. నేను చదవలేదు. నా దగ్గర చదువుకున్న అమ్మాయే దాన్ని ఎత్తిచూపింది, అదీ గ్రూపులో కాకుండా నాకు విడిగా. చదువూ అనుభవమూ ఉన్నవాణ్ణి నేనే అలా పంపానంటే, ఆ ఆత్రం ఎంత బలమైందో చూడండి.

పంపే ముందు ఒకసారి ఆగండి, అంతే. "వెంటనే అందరికీ పంపండి", "డాక్టర్లు మీకు చెప్పరు" అన్న మాటలుంటే ఇంకొంచెం ఎక్కువసేపు ఆగండి. మీ మనవరాలికి విడిగా పంపి "ఇది నిజమేనా తల్లీ, చూసి చెప్పు" అనండి. వెతకడం ఆమెకి అలవాటే, మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు ఇద్దరూ కలిసి చదవండి. పాతవాటిలో తప్పని తేలినవి ఉంటే అదే గ్రూపులో "నేను ఫలానా రోజు పంపింది తప్పు, ఎవరూ పాటించకండి" అని ఒక్క వాక్యం పెట్టండి. నేనూ పెట్టాను, చేతులు వణికాయి. నలభైమందిలో ముగ్గురు నాకు ఫోన్ చేశారు. ఆ ముగ్గురూ అదే వ్యాసాన్ని ఇంకెవరికో పంపేసి ఉన్నారు, వాళ్లకి ఇప్పుడేం చెప్పాలని అడగడానికి.